తేలు విషంతో మెదడు కణితికి మందు: నిజమెంత? నాన్నగారికి ఇవ్వవచ్చా?

సంధ్యారాగం | గాజువాక | ఆగస్టు 9, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి 61 ఏళ్లు. పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏప్రిల్‌లో ఒక ఉదయం పేపరు చదువుతూ, ఎడమవైపు కాలమ్ మొత్తం వదిలేసి మధ్యలోంచి మొదలుపెట్టారు. "ఈ మధ్య వార్తలు తలాతోకా లేకుండా రాస్తున్నారు" అని విసుక్కున్నారు. భోజనంలో కూడా కంచంలో ఎడమవైపు వేసిన కూర అలాగే మిగిలిపోయేది. కళ్లజోడు మార్పించాలని తీసుకెళ్తే, కళ్ల డాక్టరు గారు పరీక్షించి, "కళ్లు బాగానే ఉన్నాయమ్మా, ముందు తల స్కాన్ చేయించండి" అన్నారు. ఎమ్మారైలో కుడివైపు వెనక భాగాన నిమ్మకాయంత కణితి కనిపించింది. మే నెలలో ఆపరేషన్ అయింది. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అని వచ్చింది, అంటే మెదడు క్యాన్సర్లలో బాగా తీవ్రమైన రకం. ఆరు వారాల రేడియేషన్, దానితోపాటు రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర, జూలై చివరికి పూర్తయ్యాయి. ఇప్పుడు విరామం. ఈ నెలాఖరు నుంచి నెలకు ఐదు రోజుల చొప్పున మళ్లీ మాత్రలు.

అసలు విషయం ఇది. మా మేనత్త ద్వారా ఒకాయన ఫోన్ చేశారు. తేలు విషంతో తయారు చేసిన చుక్కలు ఉన్నాయట, నాలుక కింద రోజుకు రెండుసార్లు వేస్తే కణితి కరుగుతుందట. సీసా 18,000 రూపాయలు, మూడు సీసాలు వాడాలట. నేను నమ్మలేదు. కానీ ఆయన ఒక వార్త పంపారు. తేలు విషంలో ఉన్న ఒక పదార్థం మెదడు కణితికి మాత్రమే అతుక్కుంటుందని అమెరికా శాస్త్రవేత్తలు కనుక్కున్నట్టు అందులో ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే అది నిజమే అని తేలింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిజమైతే ఇవ్వకపోవడం తప్పు కదా? అమ్మ తన గొలుసు తాకట్టు పెడదామంటోంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

పరమాణువు | ఎంవీపీ కాలనీ | ఆగస్టు 9, రాత్రి 11:30

సంధ్య గారూ, నేను డాక్టర్ని కాదు. బయోకెమిస్ట్రీ చదివి, పదిహేనేళ్లుగా డిగ్రీ పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. ఈ పదార్థం గురించి ఏటా క్లాసులో చెబుతాను కాబట్టి వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి.

మీరు చదివిన వార్త నిజం. ఆ పదార్థం పేరు క్లోరోటాక్సిన్. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల్లో తిరిగే డెత్‌స్టాకర్ అనే పసుపురంగు తేలు విషంలో ఉంటుంది. 1993లో దాన్ని విడదీసి వర్ణించారు. కేవలం 36 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నాలుగు చోట్ల గంధకపు బంధాలతో ముడిపడి ఉండటం వల్ల తేలికగా విడిపోదు. పూసల దండను నాలుగు ముళ్లు వేసి గట్టి ఉండగా చుట్టినట్టు ఊహించుకోండి.

1990ల్లో అలబామా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ సోంథైమర్ బృందం గ్లియోమా కణాల మీద దీన్ని పరీక్షించింది. గ్లియోమా అంటే మెదడులోని నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే కణితి, గ్లియోబ్లాస్టోమా కూడా ఆ జాతిదే. ఈ పదార్థం ఆ కణాలకు అతుక్కుంది, పక్కనున్న మామూలు మెదడు కణాలను దాదాపుగా పట్టించుకోలేదు. ఎందుకంటే గ్లియోమా కణాలు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోవడానికి దారి కోసుకుంటూ వెళ్తాయి. ఆ కోతకు వాడే ఎంజైముల్లో ఎంఎంపీ-2 ఒకటి. అది ఉన్న ఉపరితలం ఈ పదార్థానికి పట్టు దొరికే చోటు. అనెక్సిన్ ఎ2 అనే మరో ప్రోటీన్ పాత్ర కూడా ఉందని తర్వాత తేలింది.

ఇక్కడ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. అతుక్కోవడం వేరు, చంపడం వేరు. క్లోరోటాక్సిన్ గొప్పతనమంతా వెతికి పట్టుకోవడంలో ఉంది. అది కణితిని కరిగించే మందు కాదు. దానికి ఒక దీపం కట్టి పంపితే కణితి ఎక్కడుందో చూపిస్తుంది. రేడియోధార్మిక అయోడిన్ కట్టి పంపితే ఆ అయోడిన్‌ను కణితి దగ్గర దింపుతుంది. పరిశోధనలు ఎక్కువగా ఇలాంటి దారుల్లోనే నడిచాయి.

మీకు అమ్ముతున్న చుక్కల సంగతి. 36 అమైనో ఆమ్లాల గొలుసు అంటే చిన్న ప్రోటీన్ ముక్క. నాలుక కింద వేసిన చుక్కలో ఎక్కువ భాగం మింగేస్తాం. కడుపులోకి వెళ్లాక దాని గతి మనం తిన్న పప్పు గతే. ఒకవేళ కొంత రక్తంలోకి వెళ్లినా కణితి దాకా తగినంత చేరాలి. ఇప్పటివరకు మనుషుల మీద జరిగిన పరీక్షల్లో దీన్ని సిరలోకి ఎక్కించారు, లేదా నేరుగా కణితి తీసిన ఖాళీలోకి పంపారు. నోటి చుక్కలుగా ఇచ్చి కణితి కరిగించినది ఒక్కటీ లేదు. వార్త నిజమే గానీ, ఆ వార్తలోని పదార్థం ఈ సీసాలో ఉందనడానికి ఆధారమేమీ లేదు.

---

నిర్వాహకుడు | ఆగస్టు 10, ఉదయం 7:05

ఒక సభ్యుడు ఈ చుక్కలు దొరికే ఫోన్ నంబరు పెట్టారు. తొలగించాను. ఈ వేదికలో మందుల అమ్మకం, నంబర్ల పంపకం కుదరదు. చర్చ కొనసాగించండి.

---

ఆశాదీపం | పెందుర్తి | ఆగస్టు 10, ఉదయం 8:20

నంబరు పెట్టింది నేనే. డబ్బు కోసం కాదు. మా తమ్ముడికి కాలేయ క్యాన్సర్. ఇవే చుక్కలు నాలుగు నెలలు వాడాడు. నొప్పి తగ్గింది, ఆకలి వేసింది, మాతో కూర్చుని పండగ చేసుకున్నాడు. క్యూబాలో ప్రభుత్వమే నీలి తేలు విషంతో మందు చేసి అమ్ముతోంది. అక్కడివాళ్లు తెలివితక్కువవాళ్లా? పెద్ద ఆసుపత్రుల వాళ్లు చేతులెత్తేశాక మనిషికి ఏదో ఒక ఆసరా ఉండాలి. ఉన్న ఆశ కూడా తీసేయకండి, దండం పెడతాను.

---

పరమాణువు | ఆగస్టు 10, ఉదయం 9:15

మీ తమ్ముడు ఆ పండగ మీతో చేసుకున్నందుకు నిజంగా సంతోషం. మీరు మంచి మనసుతోనే పెట్టారని అర్థమైంది.

క్యూబా విషయం మాత్రం సూటిగా చెప్పాలి. అక్కడి నీలి తేలు విషంతో అమ్మకానికి వచ్చినది విడాటాక్స్ 30సీహెచ్ అనే హోమియో తయారీ. 30సీ అంటే వందో వంతుకు పలుచన చేయడాన్ని వరుసగా ముప్పైసార్లు జరపడం. అన్నిసార్లు పలుచన చేశాక సీసాలో అసలు విషం అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం లెక్కప్రకారం లేనట్టే. క్లోరోటాక్సిన్ పరిశోధనకూ దానికీ సంబంధం లేదు. తేలు వేరు, తయారీ వేరు, జబ్బు వేరు. ఒకరు చేసిన కష్టానికి దక్కిన పేరును ఇంకొకరు తమ సీసా మీద అంటించుకుంటున్నారు. నా కోపం దాని మీదే, మీ మీద కాదు.

---

అడవిబాట | పాడేరు | ఆగస్టు 10, మధ్యాహ్నం 1:48

నేను పాములు పట్టి అడవిలో వదిలే పని చేస్తాను. పన్నెండేళ్లుగా ఇదే. విషం అంటే ఏమిటో దగ్గరగా చూసినవాడిగా రెండు మాటలు.

పాము విషం ఆరితే పసుపుపచ్చ స్ఫటికాల్లా అవుతుంది, పటికబెల్లం పొడిలా. తమిళనాడులో మామల్లపురం దగ్గర, పాములు పట్టే ఇరుళర్ తెగవారి సహకార సంఘం 1978 నుంచి ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషం తీసి, పాముకాటు మందు తయారుచేసే కంపెనీలకు ఇస్తారు. ఎంత విషం తీశారు, ఏ పాము నుంచి తీశారు, ఎప్పుడు వదిలారు, అన్నీ రాసిపెడతారు. అంత లెక్క ఉంటేనే విషం మందు అవుతుంది.

తేలు అయితే చుక్కలో పదో వంతు కూడా ఇవ్వదు. ఈ వానాకాలం మొదట్లో ఒకాయన మా ఊరికి వచ్చి, ఎర్ర తేళ్లు పట్టిస్తే ఒక్కోదానికి డబ్బిస్తానన్నాడు. క్యాన్సర్ మందుకట. ఇద్దరు పిల్లలు సరదాపడి రాళ్లు తిరగేయడం మొదలుపెట్టారు. ఒకడిని కుట్టింది. ఒళ్లంతా చెమటలు, చలి, గుండె దడ. పెద్దాసుపత్రికి మోసుకెళ్లాం. ప్రాజోసిన్ మాత్రతో నిలబడ్డాడు. ఆ మాత్ర తేలుకాటుకు పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ కనిపెట్టారని అక్కడి డాక్టరు గారే చెప్పారు.

పరమాణువు గారూ, ఒక ప్రశ్న. మన ఎర్ర తేలులో కూడా అలాంటి పదార్థం ఉందా? ఎవరైనా అడిగితే గట్టిగా జవాబు చెప్పాలి.

---

పరమాణువు | ఆగస్టు 10, సాయంత్రం 6:10

మన ఎర్ర తేలు విషంలో ఐబీరియోటాక్సిన్ అనే పదార్థం ఉంది. 1990లో దాన్ని గుర్తించారు. కణాల గోడల్లో పొటాషియం వెళ్లే ఒక రకం ద్వారాలను మూసేస్తుంది. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఆ ద్వారాలను అధ్యయనం చేయడానికి దాన్ని వాడతారు. అది ప్రయోగశాల పనిముట్టు, మందు కాదు.

మీ ఊరి పిల్లలకు ఇంకో మాట చెప్పండి. క్లోరోటాక్సిన్ పరిశోధనకు తేళ్లతో పనే లేదు. 36 అమైనో ఆమ్లాల వరుస తెలుసు కాబట్టి దాన్ని రసాయన ప్రయోగశాలలో కృత్రిమంగా కూర్చుతారు. మనుషుల మీద పరీక్షించినదేదీ తేళ్లను పట్టి తీసినది కాదు. "క్యాన్సర్ మందుకు తేళ్లు కావాలి" అన్నవాడు క్యాన్సర్ మందు చేసేవాడు కాదు.

---

పరీక్షనాళిక | అసీల్‌మెట్ట | ఆగస్టు 10, రాత్రి 8:33

ల్యాబ్ టెక్నీషియన్‌ని. విషం పేరు చెప్పగానే అంతా నాటుమందు అనుకోకండి. మేము రోజూ వాడతాం. రక్తం అనవసరంగా గడ్డకడుతోందా, పదేపదే గర్భం ఎందుకు పోతోంది అని చూసే పరీక్షల్లో ఒకదానికి రక్తపింజరి విషమే కావాలి. పలుచన చేసిన విషాన్ని రోగి ప్లాస్మాలో కలిపి, ఎన్ని సెకన్లకు గడ్డకట్టిందో చూస్తాం. చిన్న సీసా, తెల్లటి పొడి, ఫ్రిజ్‌లో ఉంచాలి. మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ.

ఇంట్లో బీపీకి ప్రిల్ అని ముగిసే మాత్ర ఎవరైనా వేసుకుంటున్నారా? ఎనలాప్రిల్, రామిప్రిల్? వాటికి మూలం క్యాప్టోప్రిల్. బ్రెజిల్‌లోని జరారాకా అనే పాము విషం రక్తపోటును ఎలా దించుతుందో చూసి, ఆ సూత్రాన్ని పట్టుకుని వేరే చిన్న అణువును తయారుచేశారు. 1981లో అనుమతి వచ్చింది. విషాన్ని మాత్రలో పెట్టలేదు, విషం దగ్గర నేర్చుకున్నారు. గుండెపోటు వచ్చినప్పుడు ఎక్కించే టిరోఫిబాన్‌కు మన చిన్న పింజరి జాతి పాము విషమే దారి చూపించింది.

---

సాగరతీరం | పెద్ద వాల్తేరు | ఆగస్టు 11, ఉదయం 5:50

సంధ్యమ్మా, నా వయసు 68. నా భార్య తెలుగు టీచరు. 2016లో ఆమెకు ఇదే జబ్బు వచ్చింది, ఎడమవైపు, మాట పుట్టే చోటుకు ఆనుకుని.

మొదట కూరగాయల పేర్లు పోయాయి. దొండకాయ చేతిలో పట్టుకుని, "ఇది... ఇది... పచ్చది" అనేది. ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన మనిషి. తర్వాత తనే ఒక రూళ్ల పుస్తకం పెట్టుకుంది. ఒక పక్క బొమ్మ, ఇంకో పక్క పేరు. గరిటె, జల్లెడ, కవ్వం. కవ్వం బొమ్మ చాలా బాగా వేసింది. పేరు రాయవలసిన చోట "క" రాసి వదిలేసింది. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది.

ఆపరేషన్ తర్వాత సర్జన్ గారు నన్ను గదిలోకి పిలిచారు. ఎమ్మారై ఫిల్మును వెలుతురు పెట్టెకు తగిలించి, తెల్లటి మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీశారు. "సముద్రం పక్క ఇళ్లలో గోడకు చెమ్మ ఎక్కుతుంది చూడండి. మరక ఇక్కడి దాకా కనిపిస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే తడి ఇంకా జానెడు అవతలికి ఉంటుంది. నేను మరక తీశాను. తడి ఎక్కడి దాకా ఉందో నా కంటికి కనిపించదు. తెలియకుండా కోస్తే మాట పోతుంది" అన్నారు. ఆ మాట ఈనాటికీ మరచిపోలేదు. పరమాణువు గారు దీపం అన్నారే, ఆ దీపం ఆనాడు ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే అని అనుకుంటూ ఉంటాను.

ఇక చుక్కల గురించి. నేనూ కొన్నాను. చుక్కలు కాదు, పొడి. ఎక్కడో చాలా దూరాన ఇచ్చేవాళ్లు. రెండుసార్లు రైల్లో తీసుకెళ్లాను, రానూ పోనూ కలిపి తొమ్మిది రోజులు. డబ్బు పోయింది, దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు. ఆ తొమ్మిది రోజులకు బాధపడతాను. అప్పటికి ఆమెకు ఇంకా కొన్ని మాటలు ఉన్నాయి. ఆ మాటలు రైలు పెట్టెల్లోనూ, టోకెన్ వరుసల్లోనూ ఖర్చయిపోయాయి. ఇంట్లో, వరండాలో, సముద్రం వినిపించే చోట కూర్చుని నాతో మాట్లాడవలసినవి అవి.

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. గొలుసు తాకట్టు పెట్టవద్దని చెప్పు.

---

రాత్రిడ్యూటీ | మద్దిలపాలెం | ఆగస్టు 11, మధ్యాహ్నం 3:20

సాగరతీరం గారూ, మీ పోస్టు డ్యూటీ దిగి బస్సులో చదివాను. దిగవలసిన స్టాపు దాటిపోయింది.

నేను న్యూరో ఐసీయూలో నర్సుని. సంధ్య గారూ, మీకు రోజువారీ పనికొచ్చేవి చెబుతాను.

మొదటిది, చుక్కలు వేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. టెమోజోలమైడ్ వేసుకునేటప్పుడు తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కాలేయం మీద భారం పడవచ్చు. అందుకే ప్రతి విడత ముందు రక్తపరీక్ష చేస్తారు. సీసాలో ఏముందో తెలియని పదార్థం లోపలికి వెళ్లి పరీక్ష తేడాగా వస్తే, డాక్టరు అసలు మాత్రను ఆపవలసి వస్తుంది. ఆ మాత్ర విలువ తెలుసుకోండి. 2005లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రేడియేషన్ మాత్రమే తీసుకున్నవాళ్లలో రెండేళ్ల తర్వాత 10.4 శాతం మంది ఉన్నారు, మాత్ర కూడా తీసుకున్నవాళ్లలో 26.5 శాతం. కఠినమైన జబ్బులో అది చిన్న తేడా కాదు. ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ఇంట్లో ఏ నాటుమందు వాడినా, ఇప్పటికే వాడి ఉన్నా, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. మేము తిట్టం.

రెండవది, రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసే ఎమ్మారైలో వాపు వల్ల కణితి పెరిగినట్టు కనిపించవచ్చు, తర్వాత దానంతటదే తగ్గవచ్చు. ఆ ఫిల్ము చూసి కంగారుపడి ఇలాంటి సీసాల వెంట పరుగెత్తినవాళ్లను చాలామందిని చూశాను.

మూడవది మీ నాన్నగారి చదువు గురించి. ఎడమవైపు గమనించకపోవడానికి మేము ఒక ఉపాయం నేర్పుతాం. పేపరుకు ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించండి. "ఎర్ర గీత కనిపించేదాకా తల తిప్పండి నాన్నగారూ, అక్కడి నుంచి చదవండి" అని చెప్పండి. ప్రతి వరుసకూ మళ్లీ ఎర్ర గీత దగ్గరకు రావాలి. ఒక్కరోజులో రాదు, ఓపిక పట్టండి.

---

కొత్తచిగురు | మధురవాడ | ఆగస్టు 11, రాత్రి 9:02

నేను ఎంబీబీఎస్ చివరి సంవత్సరం. ఆ "దీపం" ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో చెప్పగలరా సర్? మాకు క్లాసులో 5-ఏఎల్ఏ గురించి మాత్రమే చెప్పారు.

---

పరమాణువు | ఆగస్టు 11, రాత్రి 11:55

మంచి ప్రశ్న. సాగరతీరం గారి కోసం కూడా రాస్తున్నాను.

అమెరికాలోని సియాటిల్‌లో జిమ్ ఓల్సన్ అనే పిల్లల క్యాన్సర్ డాక్టరు ఉన్నారు. ఒక అమ్మాయికి గంటల తరబడి మెదడు ఆపరేషన్ జరిగాక, బొటనవేలంత కణితి ముక్క లోపలే మిగిలిపోయిందని స్కాన్‌లో తేలింది. సర్జన్ల లోపం కాదు, ఆ ముక్క మామూలు మెదడులాగే కనిపించింది. కణితి దానంతటదే వెలిగితే బాగుండునన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఆయన బృందం క్లోరోటాక్సిన్‌కు మెరిసే రంగును జతచేసి ఎలుకలకు ఎక్కించింది. కణితి వెలిగింది, చుట్టూ ఉన్న మెదడు చీకటిగా ఉండిపోయింది. 2007లో ప్రచురించారు. ట్యూమర్ పెయింట్ అని పేరు పెట్టారు.

మనుషుల కోసం ఆ రంగును మార్చి ఇండోసయనిన్ గ్రీన్‌ను జతచేశారు. ఇది కళ్ల పరీక్షల్లో దశాబ్దాలుగా వాడుతున్న రంగే. పరారుణానికి దగ్గరి కాంతిలో మెరుస్తుంది కాబట్టి మన కంటికి కనిపించదు, ప్రత్యేక కెమెరా తెర మీద చూడాలి. ఆ కాంతి రక్తం, కణజాలం గుండా కొంత లోతు నుంచి కూడా బయటకు రాగలదు, అది దీని ప్రత్యేకత. ఈ జంటకు టోజులెరిస్టైడ్ అని పేరు. గ్లియోమా ఉన్న 17 మంది పెద్దవాళ్ల మీద జరిపిన మొదటి దశ పరీక్ష 2019లో వచ్చింది. 30 మిల్లీగ్రాముల మోతాదు వరకు వెళ్లినా మోతాదును ఆపవలసినంత దుష్ప్రభావం రాలేదు. పిల్లల్లో తర్వాతి దశ పరీక్ష కూడా మొదలుపెట్టారు. ఇది ఇప్పుడు మన ఊళ్లో మందుల షాపులో అడిగితే దొరికేది కాదు.

5-ఏఎల్ఏ వేరు. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు తాగిస్తారు, నీలి కాంతిలో కణితి గులాబీ రంగులో కనిపిస్తుంది. జర్మనీ పరీక్ష 2006లో ప్రచురితమైంది. స్కాన్‌లో కనిపించే కణితి పూర్తిగా తీయగలిగినది 65 శాతం మందిలో, మామూలు వెలుతురులో చేస్తే 36 శాతం మందిలో. అమెరికా 2017లో అనుమతించింది. అంటే వెలిగించి కోయడం కల కాదు, ఈపాటికే ఆచరణలో ఉంది. తేలు పదార్థం ఆ దారిలో ఇంకో దీపం.

సాగరతీరం గారూ, ఒకటి మాత్రం చెప్పాలి, బాధపెడితే క్షమించండి. దీపం ఉన్నా, మాట పుట్టే చోట కణితి వెలిగిందని తెలిసినా, అక్కడ కోయలేరు. ఎక్కడ ఉందో తెలుస్తుంది, తీయవచ్చో లేదో ఆ చోటును బట్టి ఉంటుంది. మీ సర్జన్ గారు ఆగింది సరైన చోటే అయి ఉండవచ్చు.

---

సాగరతీరం | ఆగస్టు 12, ఉదయం 5:35

బాధపెట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఆ గీత దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఇంకొంచెం తీసి ఉంటే అని. మీరు చెప్పింది రెండుసార్లు చదివాను.

---

కొత్తచిగురు | ఆగస్టు 12, ఉదయం 7:40

చికిత్స వైపు? కేవలం వెలిగించడమేనా?

---

పరమాణువు | ఆగస్టు 12, సాయంత్రం 5:28

రెండు పనులు జరిగాయి. మొదటిది అయోడిన్-131 కట్టి పంపడం. ఆపరేషన్ తర్వాత ఆ ఖాళీలోకి ఒక్క మోతాదు పంపారు. 18 మంది మీద జరిగిన మొదటి దశ ఫలితాలు 2006లో వచ్చాయి. భద్రంగా ఉందని తేలింది, కణితి దగ్గరే ఎక్కువగా నిలిచింది. కానీ అది మామూలు చికిత్సగా మారలేదు.

రెండవది నాకు చాలా ఇష్టమైనది. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ ఆసుపత్రిలో రోగి సొంత టీ కణాలను, అంటే జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలను బయటకు తీసి, వాటి ఉపరితలం మీద క్లోరోటాక్సిన్ ఉండేలా మార్చి తిరిగి పంపారు. ఇలా మార్చిన కణాన్ని కార్-టీ కణం అంటారు. మామూలుగా దానికి శత్రువును గుర్తుపట్టే ముక్క యాంటీబాడీ నుంచి తీసుకుంటారు. ఇక్కడ ఆ స్థానంలో తేలు పదార్థం. గ్లియోబ్లాస్టోమాలో ఒకే కణితిలో కణాలు రకరకాలుగా ఉంటాయి, ఒక గుర్తు పట్టుకుంటే ఇంకోటి తప్పించుకుంటుంది. క్లోరోటాక్సిన్ వాటిలో ఎక్కువ భాగానికి అతుక్కుంటుంది కాబట్టి ఆ ఆలోచన. ఎలుకల ఫలితాలు 2020లో, మొదటి నలుగురు రోగుల ఫలితాలు 2024లో వచ్చాయి. నలుగురిలో ముగ్గురికి జబ్బు కొంతకాలం పెరగకుండా ఆగింది. నయం కాలేదు. నలుగురు అంటే నలుగురే. అయినా తేలు ముక్కను తల మీద పెట్టుకున్న కణం మనిషి మెదడులో తిరగగలదని తెలిసింది.

తేనెటీగ విషంలోని అపమిన్‌ను మార్చి, మెదడుకు రక్తానికి మధ్య ఉండే కాపలా గోడను దాటించే వాహనంగా బార్సిలోనాలో ఒక బృందం తయారుచేసింది. అదీ ఇంకా ప్రయోగశాలలోనే ఉంది. మెదడు మందుల్లో సగం కష్టం ఆ గోడ దాటించడమే.

---

ఆశాదీపం | ఆగస్టు 12, రాత్రి 10:15

అన్నీ చదివాను. అలాంటి పరీక్షల్లో మన దగ్గరివాళ్లు చేరాలంటే ఎలా? డబ్బు ఎంత కట్టాలి?

---

రాత్రిడ్యూటీ | ఆగస్టు 13, మధ్యాహ్నం 2:10

డబ్బు కట్టకూడదు, అదే అసలు గుర్తు. మన దేశంలో మనుషుల మీద జరిగే ప్రతి మందు పరీక్షా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ముందుగా నమోదు కావాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఎవరైనా ఆ సైటులో వెతికి చూడవచ్చు. పరీక్షలో చేరేవాళ్లకు తెలుగులో వివరాల పత్రం ఇచ్చి, అర్థమయ్యాకే సంతకం తీసుకోవాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. "ట్రయల్ మందు" అని చెప్పి సీసాకు 18,000 అడిగితే అది ట్రయల్ కాదు.

అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గాజువాక నుంచి దగ్గరే. రెండో అభిప్రాయం కావాలంటే బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరచిన కణితి ముక్కలు), అన్ని ఎమ్మారై సీడీలు వెంట తీసుకెళ్లి అడగండి.

---

సంధ్యారాగం | ఆగస్టు 27, రాత్రి 9:50

ఇన్ని రోజులు రాయలేకపోయాను. మీ పోస్టులన్నీ అమ్మకు చదివి వినిపించాను. సాగరతీరం గారిది చదువుతున్నప్పుడు అమ్మ లేచి వెళ్లి, ఫ్రిజ్ తలుపులో కరివేపాకు డబ్బా వెనక నుంచి ఒక సీసా తీసి నా ముందు పెట్టింది. అప్పటికే కొనేసింది. నాలుగు రోజులు నాన్నగారికి వేసింది కూడా. నాకు చెప్పడానికి భయపడింది.

రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టే సీసాను డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూశారు. బ్యాచ్ నంబరు లేదు, తయారుచేసిన చోటు లేదు, ఒక తేలు బొమ్మ మాత్రం ఉంది. అమ్మను ఒక్క మాట అనలేదు. "ఎన్ని రోజులు వేశారమ్మా?" అని అడిగి ఫైలులో రాసుకున్నారు. కాలేయం పరీక్ష, రక్తపరీక్ష మళ్లీ చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. సోమవారం నుంచి మాత్రలు మొదలయ్యాయి. వాంతి రాకుండా ముందు ఒక మాత్ర, గంట తర్వాత ఇది. గొలుసు అమ్మ మెడలోనే ఉంది.

ఎమ్మారైలో కొంచెం వాపు ఉందన్నారు. మీరు ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రి మేము నిలబడలేకపోయేవాళ్లం.

పేపరుకు ఎర్ర పట్టీ అంటిస్తున్నాను. మొదటి వారం చిరాకుపడి పేపరు విసిరేశారు. నిన్న ఉదయం పట్టీ దాకా తల తిప్పి, వేలు పెట్టుకుని, ఎడమ కాలమ్ పైనుంచి కిందిదాకా చదివారు. పోర్టుకు బొగ్గు నౌక వచ్చిన వార్త అందులో ఉంది. నౌక పేరు రెండుసార్లు చదివి, "దీన్ని నేను దింపాను" అన్నారు.

---

సాగరతీరం | ఆగస్టు 28, ఉదయం 5:40

ఆ నౌక గురించి ఆయన ఏం చెప్పారో రాసి పెట్టుకో తల్లీ. ఏ సంవత్సరం, ఏ బెర్తు, అన్నీ అడుగు.

---

అడవిబాట | ఆగస్టు 28, ఉదయం 11:15

మా పక్క ఊరిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు ఇలాగే ఒకవైపు చూడటం లేదు. ఆ ఎర్ర పట్టీ ఎంత వెడల్పు పెట్టాలి?

---

సంధ్యారాగం | ఆగస్టు 28, మధ్యాహ్నం 12:30

నేను అంగుళం వెడల్పున్న టేపు వాడుతున్నాను అన్నయ్యా, కరెంటు పనులకు వాడే ఎర్ర టేపే. పేపరుకు పైనుంచి కిందిదాకా. సన్నగా పెడితే కనిపించలేదు. కంచానికి ఎడమ అంచున కూడా ఒక ముక్క అంటించాను, కూర మిగలడం లేదు.